చిన్న క్లబ్‌తో ఫుట్‌బాల్ మేనేజర్ ఆడేవాళ్లకు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫుట్‌బాల్ మేనేజర్ అనే కంప్యూటర్ గేమ్‌లో మనమే క్లబ్ మేనేజర్. అందులో మాంచెస్టర్ సిటీని తీసుకుంటే "ఎవరిని కొందాం?" అని ఆలోచిస్తాం. ఇంగ్లాండ్ ఆరో డివిజన్ క్లబ్‌ను తీసుకుంటే "ఈ వారం జీతాలు ఎలా సర్దుదాం?" అని ఆలోచిస్తాం. నాకు రెండోదే ఇష్టం. ఎఫ్ఎం24లో (అంటే ఫుట్‌బాల్ మేనేజర్ 2024 ఎడిషన్‌లో) మాంచెస్టర్ చుట్టుపక్కల ఉండే ఒక చిన్న క్లబ్‌తో పదకొండు సీజన్లు ఆడాను, ఇంకా ఆడుతున్నాను. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటున్నాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

చిన్న క్లబ్ అంటే ఎంత చిన్నది?

ఇంగ్లాండ్‌లో లీగులు మెట్లలా ఉంటాయి. అన్నిటికంటే పైన ప్రీమియర్ లీగ్, అందులో 20 జట్లు. దాని కింద చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ, ఒక్కోదాంట్లో 24. ఈ 92 క్లబ్బుల కింద ఉన్నదంతా నాన్-లీగ్. అందులో మొదటి మెట్టు నేషనల్ లీగ్, దాని కింద నేషనల్ లీగ్ నార్త్, నేషనల్ లీగ్ సౌత్. ఆటలో ఏ మార్పులూ చేయకుండా ఇంగ్లాండ్‌లో ఆడగలిగే అడుగు మెట్టు ఈ నార్త్, సౌత్‌లే. అంతకన్నా కిందికి దిగాలంటే స్టీమ్ అనే గేమ్స్ సైట్‌లోని వర్క్‌షాప్‌లో అభిమానులు తయారుచేసి పెట్టిన డేటాబేస్ ఫైళ్లు వేసుకోవచ్చు. పదో డివిజన్ వరకు తీసుకెళ్లేవీ ఉన్నాయి. మొదటిసారి ఆడేవాళ్లు ఆరో డివిజన్‌తో మొదలుపెట్టడమే మంచిది.

ఏ ఎడిషన్ తీసుకోవాలి? నా ల్యాప్‌టాప్ మామూలుదే, సరిపోతుందా?

నేను ఎఫ్ఎం24 ఆధారంగానే రాస్తున్నాను. ఎఫ్ఎం25ను 2025 ఫిబ్రవరిలో రద్దు చేశారు. ఎఫ్ఎం26 అదే ఏడాది నవంబర్‌లో కొత్త ఇంజిన్‌తో వచ్చింది. స్క్రీన్లు, మెనూలు మారాయి కానీ చిన్న క్లబ్ కష్టాలు మాత్రం అవే.

ల్యాప్‌టాప్ గురించి టెన్షన్ అక్కర్లేదు. సేవ్ (మనం దాచుకుంటూ కొనసాగించే ఆట) మొదలుపెట్టేటప్పుడు ఇంగ్లాండ్ ఒక్కటే ఎంచుకోండి, మ్యాచ్‌ను 2డీలో చూడండి. ప్రపంచంలోని లీగులన్నీ లోడ్ చేస్తే ఒక్కో రోజు గడవడానికే నిమిషాలు పడుతుంది. అయితే డేటాబేస్ సైజు మరీ చిన్నది పెట్టకండి. అలా పెడితే మనకు కావలసిన ఫ్రీ ఆటగాళ్లు (ఏ క్లబ్‌తోనూ కాంట్రాక్ట్ లేనివాళ్లు), అనామకులు అసలు లోడే కారు.

ఏ క్లబ్‌తో మొదలుపెట్టాలి?

మీకు ఏదో ఒక కారణం చేత నచ్చిన క్లబ్‌తో. పేరు బాగుందనో, జెర్సీ రంగు మీ కాలేజీ రంగనో, ఏదైనా సరే. ఇరవై గంటలు ఆడాక అలసట వస్తుంది. అప్పుడు మిమ్మల్ని నిలబెట్టేది ఆ ఇష్టమే.

ఇక లెక్కలు చూద్దాం. క్లబ్ ఎంచుకునే ముందు మూడు విషయాలు చూస్తాను. అప్పు ఎంత ఉంది, స్టేడియం సొంతమా అద్దెదా, యూత్ వసతులు ఏ స్థాయిలో ఉన్నాయి. సీజన్ చివర ఎక్కడుంటారని మీడియా వేసే అంచనా నేను పట్టించుకోను. చివరి స్థానం అంచనా ఉన్న క్లబ్ నిజానికి మేనేజర్‌కు హాయి, ఎందుకంటే పదిహేడో స్థానంలో నిలిచినా బోర్డు సంతోషిస్తుంది. మొదటి స్థానం అంచనా ఉన్న క్లబ్‌లో మూడు మ్యాచ్‌లు ఓడితే ఉద్యోగానికే ముప్పు.

మేనేజర్ ప్రొఫైల్‌లో అనుభవం ఎంత పెట్టుకోవాలి?

ఆదివారం సరదాకు ఆడే స్థాయి, కోచింగ్ సర్టిఫికెట్లు ఏమీ లేవు అని పెట్టుకోండి. తర్వాత బోర్డును అడిగి కోర్సులు చేయవచ్చు. మొదటి కోర్సుకు బోర్డు ఒప్పుకున్న రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. గెలిచిన మ్యాచ్ అంత ఆనందం.

మొదటి రోజు అన్నిటికంటే ముందు ఏం చేయాలి?

టాక్టిక్ (ఆట వ్యూహం) స్క్రీన్ తెరవకండి. జీతాల పట్టిక తెరవండి.

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. స్క్వాడ్ పేజీలో వారపు జీతం, కాంట్రాక్ట్ ముగిసే తేదీ, వయసు అనే మూడు నిలువు వరుసలు పెట్టుకుని, జీతం ఎక్కువ ఉన్నవాళ్లు పైకి వచ్చేలా సర్దండి. నా సేవ్‌లో మొదటి రోజు కనిపించింది ఇదీ. వారానికి మొత్తం జీతాల బడ్జెట్ సుమారు 6,000 పౌండ్లు. పట్టికలో పైనున్న ముగ్గురే అందులో 1,900 తీసుకుంటున్నారు. ఒకడికి 34 ఏళ్లు, మోకాలి గాయంతో నవంబర్ దాకా రాడు. ఇంకొకడు రెండో కీపర్. మూడోవాడు నిజంగా మంచి స్ట్రైకర్. అంటే ఒక్క స్ట్రైకర్ తప్ప మిగతా ఇద్దరి మీద పెడుతున్న డబ్బుతో నాకు కావలసిన ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు వచ్చేవాళ్లు. మ్యాచ్‌లో గోల్స్ ఎందుకు పడుతున్నాయో ఆ పట్టికలోనే రాసి ఉంది.

చిన్న క్లబ్‌లో అసలు టాక్టిక్ జీతాల పట్టికే అని నేను గట్టిగా నమ్ముతాను. ఫార్మేషన్ మార్చడం రెండు నిమిషాల పని. తప్పు కాంట్రాక్ట్ రెండేళ్లు వెంటాడుతుంది.

నేను పాటించే పద్ధతి ఇది. బడ్జెట్‌లో పదో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాను. ఇంకెవరూ తీసుకోని మంచి ఆటగాడు అక్టోబర్‌లోనో జనవరిలోనో తప్పకుండా దొరుకుతాడు. ఆ రోజు చేతిలో 300 పౌండ్లు ఉన్న మేనేజర్‌దే రాజ్యం. ఇంకొకటి, ట్రాన్స్‌ఫర్ బడ్జెట్ అంటూ ఏదైనా ఇస్తే దాన్ని స్లైడర్‌తో జీతాల వైపు జరిపేయండి. ఆరో డివిజన్‌లో డబ్బు పెట్టి ఆటగాడిని కొనాల్సిన అవసరం దాదాపుగా రాదు.

కాంట్రాక్టుల్లో నాన్-కాంట్రాక్ట్, పార్ట్-టైమ్, ఫుల్-టైమ్ అని ఉన్నాయి. తేడా ఏమిటి?

ఈ స్థాయిలో చాలామంది ఆటగాళ్లకు పగలు వేరే ఉద్యోగం ఉంటుంది. ఎలక్ట్రీషియనో, స్కూల్లో పీఈటీ మాస్టారో అనుకోండి. సాయంత్రం వచ్చి ప్రాక్టీస్ చేస్తారు. వాళ్లది పార్ట్-టైమ్ కాంట్రాక్ట్. ప్రాక్టీస్ సెషన్లు తక్కువ కాబట్టి కొత్త టాక్టిక్ నేర్చుకోవడానికి ఎక్కువ వారాలు పడుతుంది. ఆటగాళ్లు మెరుగుపడటమూ నిదానమే.

నాన్-కాంట్రాక్ట్ అంటే నోటిమాట ఒప్పందం లాంటిది. మీరు ఎప్పుడైనా వదిలేయొచ్చు, ఖర్చు లేదు. కానీ వేరే క్లబ్ కూడా అతన్ని ఎప్పుడైనా తీసుకుపోవచ్చు, మీకు ఒక్క పౌండూ రాదు. ట్రయల్‌లో ఉన్నవాడిని, నెలరోజులకే కావలసిన కీపర్‌ను ఇలా పెట్టుకోండి. పందొమ్మిదేళ్ల వయసులో ఎనిమిది గోల్స్ కొట్టిన కుర్రాడిని మాత్రం ఇలా వదిలేయకండి. నేను వదిలేశాను. ఒక మంగళవారం మ్యాచ్‌కు ముందు మెసేజ్ చూస్తే పై డివిజన్ క్లబ్ ఒకటి అతన్ని ఉచితంగా తీసుకుపోయింది. ఆ రోజు మ్యాచ్‌కు బెంచ్ మీద స్ట్రైకరే లేడు. అప్పటినుంచి ప్రతి నెలా మొదటి తేదీన ఈ జాబితా చూస్తున్నాను. ఎవరైనా వరుసగా మూడు మ్యాచ్‌లు బాగా ఆడితే అదే రోజు పార్ట్-టైమ్ కాంట్రాక్ట్ ముందు పెడతాను.

బేరం ఆడేటప్పుడు జీతం కన్నా క్లాజుల మీద కన్నేసి ఉంచండి. "ప్రమోషన్ వస్తే జీతం పెంపు" అన్నది చూడ్డానికి చిన్నదే. ఇరవై మందికి 30 శాతం చొప్పున ఒప్పుకుంటే, గెలిచిన సంబరం ముగియకముందే వచ్చే ఏడాది బడ్జెట్ అయిపోతుంది. "క్లబ్‌లో అత్యధిక జీతానికి సమానం" అనే క్లాజు ఎవరికీ ఇవ్వకండి. దానికి బదులు ఆడిన మ్యాచ్‌కు ఇంత అని ఇవ్వండి. గాయపడి ఇంట్లో ఉన్నవాడికి ఆ డబ్బు పోదు.

చేతిలో డబ్బు లేదు. ఆటగాళ్లు ఎక్కడ దొరుకుతారు?

జూన్ 30 గడియారం పన్నెండు కొట్టాక దొరుకుతారు. ఇంగ్లాండ్‌లో కాంట్రాక్టులు చాలావరకు ఆ రోజే ముగుస్తాయి. ప్రీమియర్ లీగ్, చాంపియన్‌షిప్ అకాడమీలు అప్పుడు కుప్పలుగా 18 నుంచి 21 ఏళ్ల కుర్రాళ్లను వదిలేస్తాయి. వాళ్లకు పెద్ద క్లబ్‌లో పదేళ్ల శిక్షణ ఉంటుంది, ఆడే చోటు మాత్రం ఉండదు. జూలై మొదటి వారంలో వాళ్లు అడిగే జీతం మీకు అందదు. తొందరపడకండి. ఆగస్టు వచ్చేసరికి ఎవరూ తీసుకోనివాళ్లు మెట్టు దిగుతారు. జూలైలో 700 అడిగిన కుర్రాడే ఆగస్టు రెండో వారంలో 250కి సంతకం పెట్టడం నేను చాలాసార్లు చూశాను.

రెండో దారి ట్రయల్స్. స్కౌట్‌కు (ఆటగాళ్లను వెతికి అంచనా వేసేవాడికి) జీతం ఇవ్వలేని క్లబ్‌కు ట్రయలే స్కౌటింగ్. పదిహేను మందిని పిలవండి, ప్రీ-సీజన్ ఫ్రెండ్లీలలో ఆడించండి. వారం రెండు వారాల్లో ఆ ఆటగాడి అట్రిబ్యూట్స్ (ఒక్కో నైపుణ్యానికి ఆట ఇచ్చే మార్కులు) మీద ముసుగు తొలగిపోతుంది. ఆ ఫ్రెండ్లీలలో రెండు పెద్ద క్లబ్బులతో, మీ సొంత గ్రౌండ్‌లోనే పెట్టుకోండి. పెద్ద జట్టు వస్తే జనం వస్తారు, గేట్ డబ్బులు వస్తాయి. నా రెండో సీజన్‌లో ఒక ఫ్రెండ్లీ మీద వచ్చిన డబ్బు ఇద్దరు ఆటగాళ్ల ఏడాది జీతానికి సరిపోయింది. ఆరు గోల్స్‌తో ఓడిపోయాం. డ్రెస్సింగ్ రూమ్‌లో కొంచెం దిగులు పడ్డారు, తర్వాతి ఫ్రెండ్లీ బలహీన జట్టుతో పెట్టి సరిచేశాను.

విదేశీ ఆటగాళ్ల మీద ఆశలు పెట్టుకోకండి. 2021 నుంచి, బ్రెగ్జిట్ తర్వాత, యూరప్ వాళ్లకు కూడా వర్క్ పర్మిట్ పాయింట్లు కావాలి. మన స్థాయికి అవి రావు. ఐర్లాండ్, స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌లకు ఆ ఇబ్బంది లేదు. అక్కడి పార్ట్-టైమ్ లీగుల్లో మంచి సరుకు ఉంది.

స్టార్ రేటింగ్‌ను నమ్మొచ్చా?

సగమే. ఆ స్టార్లు మీ జట్టుతో పోల్చి ఇచ్చేవి. బలహీన జట్టులో నాలుగు స్టార్లు ఉన్నవాడు ప్రమోషన్ వచ్చాక రెండు స్టార్లే అవుతాడు. పైగా ఆ అంచనా మీ అసిస్టెంట్‌ది. ఆటగాళ్ల సామర్థ్యాన్ని అంచనా వేయడంలో అతనికే 7 మార్కులుంటే అతని మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీరే చెప్పండి. అందుకే స్టాఫ్‌లో నేను మొదట మార్చేది అసిస్టెంట్‌ను.

ఏ అట్రిబ్యూట్స్ చూడాలి?

అట్రిబ్యూట్స్ 1 నుంచి 20 వరకు ఉంటాయి. ఆరో డివిజన్‌లో టెక్నికల్ అంకెలు 8, 9 దగ్గర తచ్చాడుతుంటాయి. అందరికీ పాస్ చేయడం అంతంతమాత్రమే కాబట్టి 8 ఉన్నవాడికీ 9 ఉన్నవాడికీ తేడా మైదానంలో తెలియదు. వేగంలో 9కి 14కి తేడా మాత్రం పదో నిమిషంలోనే తెలిసిపోతుంది. ఈ స్థాయి డిఫెండర్లు తిరిగి పరుగెత్తడంలో నెమ్మది. పేస్, ఆక్సిలరేషన్ రెండూ 14 దాటిన స్ట్రైకర్ ఉంటే, అతనికి ఫినిషింగ్ 8 ఉన్నా సరే, సీజన్‌కు పదిహేను గోల్స్ కొడతాడు.

సెంటర్ బ్యాక్‌కు జంపింగ్ రీచ్, హెడింగ్, స్ట్రెంత్. మిడ్‌ఫీల్డర్‌కు వర్క్ రేట్, స్టామినా, టీమ్‌వర్క్. కీపర్ విషయంలో పిసినారితనం వద్దు, ఉన్నంతలో మంచివాడిని తెచ్చుకోండి. అందరిలోనూ చూడాల్సింది డిటర్మినేషన్, అంటే పట్టుదల. జట్టు మొత్తంలో అది తక్కువగా ఉంటే ఒక గోల్ పడగానే తలలు వాలిపోతాయి.

కనిపించని అంకెలు కూడా ఉన్నాయి. నిలకడ, పెద్ద మ్యాచ్‌లలో ఆడే తీరు, గాయాలపాలయ్యే స్వభావం. వీటిని స్కౌట్ రిపోర్ట్‌లోని వాక్యాల నుంచి పట్టుకోవాలి. "తరచూ గాయపడతాడు" అన్న ఒక్క వాక్యం ఉంటే ఎంత మంచివాడైనా నేను వదిలేస్తాను. నార్త్‌లోనూ సౌత్‌లోనూ సీజన్‌కు 46 లీగ్ మ్యాచ్‌లు, పైన కప్పులు. నలభై మ్యాచ్‌లు ఆడే మామూలు ఆటగాడు, పన్నెండు ఆడే గొప్ప ఆటగాడి కన్నా మేలు.

లోన్ ఆటగాళ్లతో జట్టు నింపేయవచ్చా?

లోన్ అంటే వేరే క్లబ్ ఆటగాడిని కొంతకాలానికి అరువు తెచ్చుకోవడం. ఇంగ్లాండ్‌లో ఒక మ్యాచ్‌కు ఐదుగురు లోన్ ఆటగాళ్లకు మించి పెట్టకూడదు. నేను ముగ్గురితో సరిపెడతాను. మంచి కుర్రాళ్లు జీతం లేకుండానే వస్తారు. పై క్లబ్‌ను జీతంలో సున్నా శాతం ఇస్తామని అడగండి, ఆడిస్తామని మాట ఇస్తే చాలాసార్లు ఒప్పుకుంటారు. బోర్డును అడిగి ఒక పెద్ద క్లబ్‌తో అనుబంధం పెట్టుకుంటే ఇంకా సులువు.

జాగ్రత్త పడాల్సింది వెనక్కి పిలిచే క్లాజుతో. నా నాలుగో సీజన్‌లో సగం గోల్స్ ఒక లోన్ కుర్రాడివే. జనవరి మొదటి వారంలో అతని క్లబ్ వెనక్కి పిలుచుకుంది. అప్పటికి మేం రెండో స్థానం, మే నాటికి తొమ్మిదో స్థానం. తప్పు నాదే, అతనికి ప్రత్యామ్నాయం చూసుకోలేదు. జట్టు వెన్నెముక అయిన కీపర్, సెంటర్ బ్యాక్, స్ట్రైకర్ మాత్రం మీ సొంత ఆటగాళ్లే ఉండాలి.

ఏ టాక్టిక్ వాడాలి?

4-4-2తో (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు స్ట్రైకర్లు) మొదలుపెట్టండి. పాత పద్ధతి అంటారేమో, ఈ స్థాయిలో ఆటగాళ్లకు సరిపడేది ఇదే. ఫస్ట్ టచ్ (వచ్చిన బంతిని అదుపు చేసే నేర్పు) 7 ఉన్న డిఫెండర్‌ను వెనకనుంచి చిన్న పాస్‌లతో ఆడమంటే ప్రత్యర్థికి గోల్ చేతికిచ్చినట్టే. బంతిని త్వరగా ముందుకు పంపడం, వింగ్‌ల నుంచి క్రాస్‌లు, రెండో బంతి (తగిలి చెదిరిన బంతి) కోసం పోరాటం. రోల్స్ కూడా సాదాగా ఉంచండి.

సెట్ పీసెస్ (కార్నర్లు, ఫ్రీ కిక్‌లు) మీద మాత్రం ఒక సాయంత్రం మొత్తం వెచ్చించండి. నేను చేసేది చెబుతాను. జట్టులో పొడుగైన సెంటర్ బ్యాక్‌ను దగ్గరి పోస్ట్ వైపు పరుగెత్తిస్తాను. ఇంకొకడిని కీపర్ ముందు నిలబెడతాను. ఇద్దరిని దూరపు పోస్ట్‌కు పంపుతాను. కార్నర్ కొట్టేవాడిని దగ్గరి పోస్ట్‌కే వేయమంటాను. కార్నర్స్ అట్రిబ్యూట్ 12 దాటినవాడు జట్టులో ఒక్కడున్నా ఇది పనిచేస్తుంది. ఒక సీజన్‌లో ఆ సెంటర్ బ్యాక్ ఒక్కడే పదకొండు గోల్స్ కొట్టాడు. వారానికి 280 పౌండ్ల జీతం అతనిది.

డిసెంబర్ నుంచి వరుసగా ఓడిపోతున్నాం. ఎందుకు?

అలసట. శనివారం, మంగళవారం, మళ్లీ శనివారం. పార్ట్-టైమ్ ఆటగాళ్లకు కోలుకునే సమయం ఉండదు, మైదానాలు కూడా చలికాలంలో పాడవుతాయి. ప్రాక్టీస్ షెడ్యూల్‌లో మ్యాచ్ మరుసటి రోజు విశ్రాంతి పెట్టండి, మంగళవారం మ్యాచ్‌కు నలుగురిని మార్చండి. టాక్టిక్ మార్చకండి. తప్పు టాక్టిక్‌దనుకుని దాన్ని మార్చేస్తే, కొత్తది అలవాటయ్యేసరికి ఫిబ్రవరి అయిపోతుంది.

కప్పులు వదిలేసి లీగ్ మీద దృష్టి పెట్టాలా?

నాన్-లీగ్ క్లబ్బుల కప్ అయిన ఎఫ్ఏ ట్రోఫీ మీ ఇష్టం. పెద్ద క్లబ్బులూ ఆడే ఎఫ్ఏ కప్‌ను మాత్రం వదలకండి. అదే మన లాటరీ టికెట్.

ఆరో డివిజన్ క్లబ్బులు సెప్టెంబర్‌లో రెండో క్వాలిఫైయింగ్ రౌండ్ నుంచి ఆడతాయి. మూడు మ్యాచ్‌లు గెలిస్తే నవంబర్‌లో అసలు టోర్నీ మొదటి రౌండ్, లీగ్ వన్, లీగ్ టూ క్లబ్బులు అక్కడ వస్తాయి. ఇంకో రెండు గెలిస్తే జనవరిలో మూడో రౌండ్. ప్రీమియర్ లీగ్ జట్లు చేరేది అప్పుడే. అంటే అయిదు విజయాల దూరంలో మాంచెస్టర్ యునైటెడ్ స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్ ఉంటుంది. గేట్ డబ్బులు రెండు క్లబ్బులూ పంచుకుంటాయి. పెద్ద క్లబ్ గ్రౌండ్‌లో ఆడితే ఆ వాటా మీ రెండు మూడేళ్ల జీతాల బడ్జెట్‌తో సమానం కావచ్చు. మ్యాచ్ టీవీలో వస్తే ఇంకా.

ఒక చిన్న కిటుకు. నిజ జీవితంలో 2024-25 నుంచి, అసలు టోర్నీ మొదటి రౌండ్ నుంచే రీప్లేలు (డ్రా అయితే మళ్లీ ఆడే మ్యాచ్‌లు) తీసేశారు. ఎఫ్ఎం24 నాటికి ఆ నిబంధన లేదు. సొంత గ్రౌండ్‌లో పెద్ద జట్టుతో డ్రా చేసుకుంటే రీప్లే వాళ్ల స్టేడియంలో. అందుకే 80వ నిమిషంలో 1-1 ఉంటే నేను గెలుపు కోసం పోను, పదిమందినీ వెనక్కి లాగేస్తాను. అలాంటి ఒక డ్రా వల్ల వచ్చిన డబ్బుతోనే మా క్లబ్ అప్పు తీరింది.

ఇది ఆటలో మాత్రమే జరిగేది అనుకోకండి. 2017లో లింకన్ సిటీ అయిదో డివిజన్‌లో ఉంటూ ప్రీమియర్ లీగ్ జట్టు బర్న్‌లీని వాళ్ల గ్రౌండ్‌లోనే 1-0తో ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరింది. 1914 తర్వాత ఒక నాన్-లీగ్ క్లబ్ అంత దూరం రావడం అదే మొదటిసారి. ఆ సీజన్‌లోనే లీగ్ కూడా గెలిచి లీగ్ టూకు వెళ్లింది. కప్, లీగ్ రెండూ కుదరవు అనేవాళ్లకు నేను లింకన్ పేరే చెబుతాను.

యూత్ మీద డబ్బు పెట్టాలా?

మొదటి మూడేళ్లు వద్దు. ఇంగ్లాండ్‌లో ఏటా మార్చి ప్రాంతంలో కొత్త కుర్రాళ్లు వస్తారు. వసతులు లేని క్లబ్‌కు పదిహేను మంది వస్తే ఒక్కడు పనికొస్తే గొప్ప. యూత్ డెవలప్‌మెంట్ హెడ్‌గా మంచి మనిషిని మాత్రం పెట్టుకోండి, అతని స్వభావం వచ్చే కుర్రాళ్లలో కనిపిస్తుంది. కుర్రాడిని అమ్మేటప్పుడు, తర్వాత అతన్ని ఎంతకు అమ్మినా మనకు 20 నుంచి 30 శాతం వచ్చే క్లాజు పెట్టండి.

క్లబ్ అప్పుల్లో ఉంది, బోర్డు ఏమీ ఇవ్వడం లేదు. ఏం చేయాలి?

దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలి. ఈ విషయంలో నేను కఠినంగా మాట్లాడతాను. 2019లో బరీ క్లబ్‌ను ఆర్థిక కారణాలతో లీగ్ నుంచి బహిష్కరించారు. 1885లో పుట్టి, రెండుసార్లు ఎఫ్ఏ కప్ గెలిచిన క్లబ్ అది. మరుసటి ఏడాది మాక్లెస్‌ఫీల్డ్ టౌన్‌ను కోర్టు మూసేయించింది. ఆటలో క్లబ్‌ను అప్పుల్లో ముంచి పైకి లాగి, తర్వాత వేరే క్లబ్‌కు వెళ్లిపోవచ్చు. అలా ఆడితే ఆ ఊరివాళ్ల క్లబ్‌ను నాశనం చేసినట్టే నాకు అనిపిస్తుంది.

చేయాల్సినవి: ఆడనివాళ్ల కాంట్రాక్టులు పరస్పర అంగీకారంతో ముగించడం, రిజర్వ్ జట్టును తగ్గించడం, మంచి ధర వచ్చినప్పుడు మీ అత్యుత్తమ ఆటగాడిని అమ్మడం. ఈ చివరిది బాధగానే ఉంటుంది. చిన్న క్లబ్ బతికేది దాని మీదే.

ప్రమోషన్ వచ్చింది. జట్టు మొత్తం మార్చేయాలా?

ఏడుగురిని ఉంచండి. నార్త్ నుంచి చాంపియన్ నేరుగా పైకి వెళ్తుంది, రెండు నుంచి ఏడు స్థానాల జట్లు ఇంకో ప్రమోషన్ కోసం ప్లేఆఫ్ (నాకౌట్ మ్యాచ్‌లు) ఆడతాయి. పైకి వెళ్లాక నేషనల్ లీగ్‌లో చాలా క్లబ్బులు ఫుల్-టైమ్. మీ క్లబ్ కూడా ఫుల్-టైమ్‌కు మారుతుందని బోర్డు ప్రకటిస్తే ఒక విషయం గుర్తుంచుకోండి. మీ ఆటగాళ్లలో కొందరు పగటి ఉద్యోగం వదులుకోవడానికి ఒప్పుకోరు. మా కెప్టెన్ అలాగే ఆగిపోయాడు. 31 ఏళ్లు, క్లబ్ తరఫున రెండు వందలకు పైగా మ్యాచ్‌లు. కాంట్రాక్ట్ మూడుసార్లు ముందు పెట్టాను, మూడుసార్లూ వద్దన్నాడు. చివరికి అదే ఊళ్లో కింది డివిజన్ క్లబ్‌కు వెళ్లాడు. కోచ్‌గా తిరిగి తెచ్చుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది.

నేషనల్ లీగ్ నుంచి బయటపడటమే అన్నిటికంటే కష్టం. 24 జట్లలో ఇద్దరికే లీగ్ టూ ప్రవేశం, ఒకటి చాంపియన్‌కు, ఒకటి ప్లేఆఫ్‌కు. 2022-23లో నాట్స్ కౌంటీ 107 పాయింట్లు తెచ్చుకున్నా రెండో స్థానమే, ఎందుకంటే రెక్సమ్‌కు 111. కౌంటీ చివరికి ప్లేఆఫ్ గెలిచి వెళ్లింది. మీరు మూడేళ్లు అక్కడే ఆగిపోతే నిరుత్సాహపడకండి.

ఓడిన మ్యాచ్‌ను మళ్లీ లోడ్ చేసి ఆడటం తప్పా?

ఆట మీది. నేను చేయను. ఓటమి చెరిగిపోతే ఆ జనవరి లోన్ కుర్రాడి కథ, కెప్టెన్ కథ ఏవీ మిగలవు. చిన్న లీగులు ఆడేవాళ్లలో ఇంకా కఠినమైన నియమాలు పెట్టుకునేవాళ్లున్నారు. స్కౌట్ కళ్లతో చూడని ఆటగాడిని తీసుకోరు, ఆటలో అంకెలు మార్చే ఎడిటర్‌ను ముట్టుకోరు, వేరే దేశాల్లో వెతకరు. ఒక సీజన్ అలా ఆడి చూడండి.

హైదరాబాద్ క్లబ్‌తో ఆడొచ్చా?

ఎఫ్ఎం24లో భారత లీగులు ఉన్నాయి. ఇండియన్ సూపర్ లీగ్‌లో 2021-22 విజేత హైదరాబాద్ ఎఫ్‌సీ, ఐ-లీగ్‌లో శ్రీనిధి డెక్కన్ దొరుకుతాయి. శ్రీనిధి నిజ జీవితంలో 2022-23, 2023-24లలో వరుసగా రెండో స్థానంలో ఆగింది. ఆ ఒక్క మెట్టు మీరు ఎక్కించే ప్రయత్నం చేయవచ్చు. 1950 నుంచి 1954 వరకు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రోవర్స్ కప్ వరుసగా అయిదుసార్లు గెలిచింది, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆ ఊరి జట్టును నడుపుతున్నప్పుడు అది మనసులో మెదులుతుంది. మ్యాచ్‌లు తక్కువ, జట్టు సర్దడం వేరు, విదేశీ ఆటగాళ్ల సంఖ్యకు పరిమితి. ఇంగ్లాండ్ అలవాట్లు అక్కడ అన్నీ పనికిరావు.

ఆరో డివిజన్ నుంచి పైదాకా వెళ్లడం నిజంగా జరిగే పనేనా?

ఆటగాళ్ల విషయంలో జేమీ వార్డీని చూడండి. స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్‌లో వారానికి 30 పౌండ్లకు ఆడాడు. అక్కడినుంచి హాలిఫాక్స్, ఫ్లీట్‌వుడ్, 2012లో పది లక్షల పౌండ్లకు లెస్టర్. 2016లో ప్రీమియర్ లీగ్ చాంపియన్. క్లబ్బుల విషయంలో ఏఎఫ్‌సీ వింబుల్డన్ ఉంది. పాత క్లబ్‌ను వేరే ఊరికి తరలిస్తుంటే 2002లో అభిమానులే కొత్తది పెట్టారు. వింబుల్డన్ కామన్ అనే పార్కులో సెలక్షన్స్ జరిపారు. తొమ్మిదో డివిజన్‌లో మొదలై తొమ్మిదేళ్లలో లీగ్ టూకు చేరారు. రెక్సమ్ 2023, 2024, 2025లలో వరుసగా మూడు ప్రమోషన్లు సాధించింది. కాకపోతే వాళ్ల వెనక హాలీవుడ్ యజమానుల డబ్బుంది, కాబట్టి మీ బడ్జెట్‌ను వాళ్లతో పోల్చుకోకండి. పోల్చుకుంటే వింబుల్డన్‌తోనే.

మూడో సీజన్‌లోనే పెద్ద క్లబ్ నుంచి ఆఫర్ వచ్చింది. వెళ్లాలా?

వెళ్లేవాళ్లను తప్పు పట్టను. నాకు ఏడో సీజన్‌లో చాంపియన్‌షిప్ క్లబ్ నుంచి పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూకు వెళ్లాను. వాళ్ల జీతాల పట్టిక చూశాను. ఒక్క రిజర్వ్ లెఫ్ట్ బ్యాక్‌కు ఇచ్చేది మా జట్టు మొత్తం జీతం. ఆ రాత్రి సేవ్ చేసి ల్యాప్‌టాప్ మూసేశాను. పొద్దున తెరిచి వద్దని చెప్పి, మా కీపర్‌కు వారానికి నలభై పౌండ్లు పెంచి రెండేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చాను.